రిడిక్యులస్‌నెస్: చానెల్ వెస్ట్ కోస్ట్ ఉన్న ఎపిసోడ్లా, ఆమె వెళ్ళాక వచ్చినవా?

ఇంటర్నెట్‌లోని నవ్వొచ్చే వీడియోలు చూపిస్తూ వాటి మీద జోకులేసే అమెరికన్ టీవీ షో రిడిక్యులస్‌నెస్ చూద్దామనుకుంటున్నాం, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. కాసేపు మాట్లాడితే ప్రశ్న ఒక్కటే అని తేలుతుంది: చానెల్ వెస్ట్ కోస్ట్ ఉన్న ఎపిసోడ్లు మేలా, ఆమె స్థానంలో లోలో వుడ్ వచ్చాక తీసినవి మేలా?

2011 ఆగస్టులో ఎంటీవీలో షో మొదలైనప్పటి నుంచి హోస్ట్ రాబ్ డిర్డెక్, సహ హోస్ట్ స్టీలో బ్రిమ్‌లతో పాటు చానెల్ ఉంది. 30 సీజన్లు చేసి 2023లో తప్పుకుంది. 2025లో ఎంటీవీ ఆపేసేసరికి మొత్తం 46 సీజన్లయ్యాయి. కాబట్టి ఎటు వెళ్ళినా చూసుకున్నంత ఉంది. 2020లో ఒక వారమైతే ఎంటీవీ తన 168 గంటల్లో 113 గంటలు ఈ షోకే ఇచ్చేసింది!

వీడియోల విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. అలాంటివి ఇప్పుడు మన ఫోన్లోనే రోజంతా వస్తున్నాయి. మరి అరగంట కూర్చుని టీవీలో ఎందుకు చూడాలి? పక్కన ఒకరు పగలబడి నవ్వుతుంటే చూడటంలో ఉన్న సరదా వేరు కాబట్టి. నా దృష్టిలో ఈ షోకి ప్రాణం ఆ నవ్వే.

చానెల్ నవ్వు కొందరికి అస్సలు పడదని నాకు తెలుసు. కానీ సోఫాలో ఆమె చేసే పనేమిటో చూడండి. రాబ్ తెర పక్కన నిలబడి ఒక్కో రకం వీడియోలకు ఒక్కో పేరు పెడుతుంటాడు. స్టీలో నింపాదిగా ఒక మాట విసురుతాడు. ఇద్దరూ జోకులేసేవాళ్ళే. ఆ జోకు పేలిందని మనకు తెలిసేది చానెల్ నవ్వుతోనే. పైగా రాబ్ ఆమెను ఆటపట్టిస్తుంటే అందులో పాత చనువు కనిపిస్తుంది. అంతకుముందు అతని రియాలిటీ షో 'ఫాంటసీ ఫ్యాక్టరీ'లో ఆమె రిసెప్షనిస్టు. ఆ చనువు ఇంకొకరిని తెచ్చి కూర్చోబెడితే రాదు. 2019లో జబర్దస్త్ నుంచి నాగబాబు వెళ్ళిపోయాక నాకు ఇలాగే అనిపించింది. స్కిట్లు ఆగలేదు, కానీ వాటి మీద పడే నవ్వు మారిపోయింది.

లోలోని తక్కువ చేయను. ఆమె కమెడియన్, మాటకు మాట అందిస్తుంది. ముగ్గురి కబుర్లు వినడమే మీకు ఇష్టమైతే ఆ ఎపిసోడ్లే నచ్చుతాయి. నాకు మాత్రం ముగ్గురూ జోకులేసేవాళ్ళే అయిపోయి, నవ్వే మనిషి లేని లోటు తెలుస్తుంది.

అలాగని చానెల్ వెళ్ళడం తప్పనను. 12 ఏళ్ళు అదే సోఫా. ఆమె ర్యాపర్ కూడా, 2022లో పాప పుట్టింది, సొంత కార్యక్రమాల కోసం ఎంటీవీ మాతృసంస్థ పారామౌంట్‌తో ఒప్పందం కుదిరింది. నేనైనా వెళ్ళేదాన్నే.

జనం ఇళ్ళలో తీసి పంపే నవ్వొచ్చే వీడియోల షో అమెరికాస్ ఫన్నియెస్ట్ హోమ్ వీడియోస్ గురించీ కొందరు అడిగారు. 1989 నుంచి ఉంది, పిల్లలతో కలిసి చూడొచ్చు. అక్కడ యాంకర్లు మారినా నాకు అంత తేడా తెలియలేదు.

కొత్తగా చూసేవాళ్ళు చానెల్ ఉన్నవి ఓ నాలుగు చూడండి. అప్పటికీ ఆ నవ్వు చిరాకు తెప్పిస్తుంటే మొహమాటపడకుండా లోలో ఎపిసోడ్లకు వెళ్ళిపోండి.