చెంగ్దూలో జిన్షా: తవ్వకాలు జరిగిన చోటే వెలసిన మ్యూజియం

సిచువాన్ రాజధాని చెంగ్దూకు పాండాల కోసం వెళ్లేవారే ఎక్కువ. ప్రాచీన చరిత్రపై ఆసక్తి ఉన్నవారు మాత్రం నగర పశ్చిమ భాగంలోని జిన్షా మ్యూజియానికి తప్పకుండా ఒక పూట కేటాయించాలి. 2001 ఫిబ్రవరిలో అక్కడ నిర్మాణ పనుల కోసం కాలువ తవ్వుతుండగా ఏనుగు దంతాలు, జేడ్ రాతి వస్తువులు బయటపడ్డాయి. సుమారు 3,000 ఏళ్ల కిందటి షూ రాజ్యానికి అది ముఖ్య కేంద్రమని తవ్వకాలలో తేలడంతో, 2007లో ఆ స్థలంలోనే మ్యూజియాన్ని తెరిచారు.

సందర్శకులు ఎక్కువగా ఇక్కడ దొరికిన సూర్యపక్షుల బంగారు రేకు కోసం నేరుగా ప్రదర్శనశాలకే వెళుతుంటారు. నా సలహా వేరు: ముందు తవ్వకాల మందిరం చూడాలి. నడుమ స్తంభాలు లేని విశాలమైన ఉక్కు కప్పు కింద, పూజలు జరిపి కానుకలు సమర్పించిన నేల, తవ్వినది తవ్వినట్టే ఉంది. చెక్క వంతెన మీదుగా గుంటల అంచు దాకా దిగితే, మట్టి పొరల రంగులలోని తేడాలూ, తొమ్మిది స్తంభాలతో నిలిచిన ఒక కట్టడపు గుర్తులూ కంటికి ఆనుతాయి. ఒక వస్తువు ఏ లోతున, వేటి పక్కన దొరికిందో ఇక్కడ చూశాక, ప్రదర్శనశాలలోని అద్దాల పెట్టెలు కొత్తగా అర్థమవుతాయి.

బంగారు రేకు వ్యాసం 12.5 సెంటీమీటర్లు, మందం 0.02 సెంటీమీటర్లు, బరువు 20 గ్రాములు. సూర్యుడి పన్నెండు కిరణాల చుట్టూ నాలుగు పక్షులు ఎగురుతున్న ఈ రూపాన్ని 2005లో చైనా తన సాంస్కృతిక వారసత్వ చిహ్నంగా స్వీకరించింది. దాని చుట్టూ జనం గుమిగూడుతారు కాబట్టి తెరవగానే వెళ్లడం మేలు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం మోకాళ్లపై కూర్చున్న రాతి మనుషులు: చేతులు వెనక్కి విరిచి కట్టి ఉంటాయి, జుట్టు నడినెత్తిన పాపిట తీసి ఉంటుంది, జడ వీపు మీదకు జారి ఉంటుంది. వారు బందీలో, బలికి తెచ్చినవారో అన్న ప్రశ్న వెంటాడింది.

చేరుకోవడం సులువే, మెట్రో ఏడో లైనులో మ్యూజియం పేరుతోనే స్టేషను ఉంది. బస కూడా ఆ లైనుకు దగ్గరలో చూసుకుంటే సౌకర్యం, కాకపోతే విదేశీ పాస్‌పోర్టు వివరాలు నమోదు చేస్తారో లేదో బుకింగుకు ముందే అడగాలి. మేము దిగిన చిన్న హోటలులో ఆ పని తెలిసిన ఉద్యోగి వచ్చేదాకా రాత్రి చాలాసేపు కూర్చోబెట్టారు. చెల్లింపులకు ఫోనులో అలీపే సిద్ధంగా ఉంటే మంచిది. శాకాహారులకు వెన్షు బౌద్ధ మఠంలోని భోజనశాల నమ్మదగినది. బయట మాంసం వద్దన్నా పంది కొవ్వుతో వండినవి రావచ్చు.

ఇదే నాగరికతకు చెందిన భారీ కంచు ముఖాలు చూడాలంటే సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సాన్‌షింగ్‌దుయి మ్యూజియానికి వెళ్లాలి. వస్తువుల వైభవంలో అదే గొప్పది, అయితే దానికి ఒక పూర్తి రోజు కావాలి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే జిన్షా గుంటల దగ్గర నిలబడే తీరిక దొరకదు.