ప్రెమారిన్: మాత్ర గుణం, దాని వెనుక గుర్రపుసాల

ప్రెమారిన్ 0.625 మి.గ్రా. ముదురు ఎరుపు రంగులో, కోలగా, నున్నటి పూతతో ఉండే చిన్న మాత్ర. ముట్లుడిగే వయసులో వచ్చే వేడి ఆవిర్లకు, రాత్రి చెమటలకు, యోని పొడిబారడానికి వైద్యులు రాసే ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోను) మందుల్లో చాలా పాతది. కెనడాలో 1941లోనూ అమెరికాలో 1942లోనూ వాడుకలోకి వచ్చింది. నేను దీన్ని 11 నెలలు వాడి మానేశాను. మాత్ర నాకు చేసిన మేలు గురించి ఈ సమీక్షలో కొంతే రాస్తాను. అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిశాకే మానేశాను కాబట్టి, ఎక్కువ భాగం ఆ సంగతే ఉంటుంది.

గుణం విషయంలో ఈ మందుకు వంక పెట్టలేను. మొదలుపెట్టేనాటికి రాత్రికి నాలుగైదు సార్లు చెమటతో తడిసి లేచేదాన్ని. మూడు వారాలు గడిచేసరికి అది ఒకసారికి తగ్గింది, రెండో నెలలో పూర్తిగా ఆగిపోయింది. మోతాదును బట్టి మాత్ర రంగు మారడం కూడా మంచి ఏర్పాటు: 0.3 ఆకుపచ్చ, 0.45 నీలం, 0.625 ముదురు ఎరుపు, 0.9 తెలుపు, 1.25 పసుపు. మోతాదు తగ్గించాక పొరపాటున పాతదే మింగే ప్రమాదం తగ్గుతుంది. చిన్న విషయమే అయినా, నిద్రమత్తులో మందులపెట్టె తెరిచేవారికి దాని విలువ తెలుస్తుంది. గ్రాముకు 0.625 మి.గ్రా. చొప్పున మందు కలిపిన క్రీము కూడా దొరుకుతుంది.

భద్రత గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లో వెలువడిన అధ్యయనాలు చూపాయి. అందుకే వారికి ఆ పొరను కాపాడే మరో హార్మోను మందు, ప్రొజెస్టిన్, జోడిస్తారు. అలా జోడించిన మందును విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో అమెరికాలో 16,608 మంది మహిళలతో పరీక్షిస్తుండగా, రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం పెరుగుతున్నాయని గమనించి 2002 జులైలో ఆ పరీక్షను గడువుకు ముందే ఆపేశారు. గర్భసంచి తీసేసిన 10,739 మందితో ఈస్ట్రోజెన్‌ను మాత్రమే పరీక్షించిన భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు గానీ పక్షవాతం పెరగడంతో 2004లో దాన్నీ నిలిపారు. పాల్గొన్నవారి సగటు వయసు 63 కాబట్టి, 50లలో మొదలుపెట్టేవారికి ఆ అంకెలను ఉన్నదున్నట్టుగా వర్తింపజేయకూడదని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. ఎవరికి ఎంత ముప్పో వారి వైద్యులే తేల్చాలి. ఈ 2002 సంవత్సరాన్ని మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలి. గుర్రాల కథ మలుపు తిరిగింది కూడా అక్కడే.

ఈ మందు దేనితో తయారవుతుందో దాని పేరే చెబుతుంది. ప్రెగ్నెంట్ మేర్స్ యూరిన్, అంటే చూడి గుర్రాల మూత్రం, అన్న మూడు మాటల ముక్కలు అతికించి ఆ పేరు పెట్టారు. అయినా పెట్టె మీద ప్రధానంగా కనిపించేది ‘కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్స్’ అన్న మాటే. అసలు మాట లోపలి సమాచార పత్రంలో, సన్నని అక్షరాల వర్ణనలో ఒకచోట ఉంటుంది. నాకు మందు రాసిన వైద్యురాలు దుష్ప్రభావాలన్నీ ఓపికగా వివరించారు, మూలం గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు. జంతు సంబంధమైన మందు నాకు సమ్మతమో కాదో అడిగి ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటాను. ప్రెమారిన్‌ను మొదట తెచ్చిన మాంట్రియల్ సంస్థ, అయెర్‌స్ట్, అంతకుముందు 1930లలో ఎమ్మెనిన్ అనే మందును గర్భిణీ స్త్రీల మూత్రం నుంచి తీసి అమ్మింది. మనుషుల నుంచి దొరికేది చాలకనే గుర్రం వైపు మళ్లారు, ఎందుకంటే చూడి గుర్రం మూత్రంలో ఈస్ట్రోజెన్లు విపరీతంగా ఉంటాయి. వాటిలో ఈక్విలిన్ వంటివి మనిషి శరీరంలో తయారే కావు.

ఈ మూత్ర సేకరణకు ప్రధాన స్థావరం కెనడాలోని పచ్చిక మైదానాలు: మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాలు. ఒకప్పుడు అల్బెర్టాలోనూ, సరిహద్దుకు ఇవతల అమెరికాలోని నార్త్ డకోటాలోనూ ఈ సాలలు ఉండేవి. శుద్ధి చేసే కర్మాగారం మానిటోబాలోని బ్రాండన్ పట్టణంలో ఉంది. గుర్రం చూలు దాదాపు 11 నెలలు; వేసవిలో చూలు నిలిచిన గుర్రాలను అక్టోబరు ప్రాంతంలో సాలలోకి తోలి, మార్చి దాకా ఒక్కొక్కదాన్ని ఇరుకైన గడిలో కట్టేస్తారు. పైనుంచి పట్టీలతో వేలాడదీసిన రబ్బరు తిత్తిని వెనుక భాగానికి అమర్చితే, మూత్రం గొట్టం గుండా డబ్బాలోకి చేరుతుంది. గుర్రం పడుకోగలదని పెంపకందారులు అంటారు; వెనక్కి తిరగడానికి మాత్రం ఆ గడిలో చోటు లేదన్న మాటను ఎవరూ కాదనలేరు. రోజూ మైళ్ల కొద్దీ మేస్తూ నడిచే జంతువును ఆరు నెలలు ఒకేచోట నిలబెట్టడం, వ్యాయామానికి ఎంత తరచుగా బయటికి వదలాలన్నది, నీటిని కోరినంత కాక కొలిచి విడతలుగా ఇవ్వడం: 1990లలో జంతు సంక్షేమ సంఘాలు లేవనెత్తిన ప్రధాన అభ్యంతరాలివి.

పెంపకందారుల వాదనను కూడా న్యాయంగా చెప్పాలి. మానిటోబా చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీల కిందికి పడిపోతుంది. ఆ రోజుల్లో గుర్రం సాలలో, మేత ముందర ఉండటం దానికి మేలేనని వారంటారు. గడి కొలతలు, నీరు, వ్యాయామం గురించిన నియమావళి 1990లోనే వచ్చింది, సాలలను తనిఖీ చేసే ఏర్పాటూ ఉంది. అక్కడికి వెళ్లి చూసిన పశువైద్య సంఘాల ప్రతినిధులు సంరక్షణ మొత్తం మీద బాగుందనే చెప్పారు. ఇందులో నిజం లేదని నేను అనను. వివాదం సాలల్లో తీసిన వీడియోల మీదా, గడి వెడల్పు మీదా నడిచినంత కాలం రెండు పక్షాలకూ చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

నన్ను నిలదీసింది గడి కాదు, పిల్ల. పాడిలో పాలు కావాలంటే పశువు ఈనాలి. ఇక్కడ మూత్రంలో హార్మోను కావాలంటే గుర్రం చూలుతో ఉండాలి. అంటే ప్రతి గుర్రమూ ఏడాదికొకసారి ఈనాలి, ప్రతి వసంతంలోనూ ఒక పిల్ల పుట్టాలి, ఆ పిల్లతో మందుకు ఏ పనీ లేదు. శరదృతువులో తల్లులు మళ్లీ సాలకు వెళ్లే వేళకు పిల్లలను విడదీసి వేలానికి తోలుతారు. కొన్ని స్వారీకి, పనికి మంచి ఇళ్లకే వెళతాయి. మిగిలినవాటిలో కొన్నిటిని మాంసం కోసం మేపే దొడ్లవారు కొంటారు, ఆ మాంసం జపాన్‌కు, ఐరోపాకు వెళుతుంది. చూలు నిలవక వట్టిపోయిన గుర్రం గతీ అంతే కావచ్చు. గడిని రెండింతలు వెడల్పు చేసినా, నీళ్లు తొట్టినిండా పెట్టినా, ఈ లెక్క మారదు. మంచి పెంపకందారు, చెడ్డ పెంపకందారు అన్న తేడా కూడా ఇక్కడ పనిచేయదు.

ఈ లెక్క ఎంత నిర్దయగా ఉండగలదో 2002 తర్వాత బయటపడింది. అధ్యయనం ఫలితాలు రాగానే మందుకు గిరాకీ పడిపోయింది. అప్పటి తయారీదారు వైయెత్ 2003లో అనేక సాలలతో ఒప్పందాలు రద్దు చేసుకుంది. ఒకప్పుడు 400కు పైగా ఉన్న సాలల్లో ఈనాడు మిగిలినవి కొద్ది మాత్రమే. ఆ రద్దుతో వేల కొద్దీ చూడి గుర్రాలు ఒక్కసారిగా ఎవరికీ అక్కరలేనివయ్యాయి. వాటికి కొత్త యజమానులను వెతకడానికి సంస్థ నిధి పెట్టింది, సంరక్షణ సంఘాలు తమకు వీలైనన్నిటిని తీసుకున్నాయి. మందు వాడకం తగ్గాలని ఏళ్ల తరబడి కోరినవారే, అది తగ్గిన రోజున గుర్రాలకు చోటు కోసం పరుగులు తీయవలసి వచ్చింది. 2009లో వైయెత్‌ను ఫైజర్ కొనుగోలు చేసింది. మందు నేటికీ అదే పేరుతో, అదే మూలం నుంచి తయారవుతోంది.

ఇంతకీ గుర్రం తప్పనిసరా? ప్రెమారిన్‌కు అచ్చమైన నకలు కావాలంటే తప్పనిసరే. ఈ మిశ్రమంలోని పదార్థాలన్నిటినీ పూర్తిగా గుర్తించనిదే కృత్రిమ జెనెరిక్‌లను (ఇతర సంస్థలు చేసే నకళ్లను) అనుమతించలేమని 1997లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. కానీ రోగికి కావలసింది నకలు కాదు, ఉపశమనం. స్త్రీ శరీరం తయారుచేసుకునే ఎస్ట్రడయాల్‌ను సోయా, అడవి కంద వంటి మొక్కల పదార్థాల నుంచి ప్రయోగశాలలో చేస్తున్నారు; మాత్రగా, జెల్‌గా, చర్మానికి అంటించే పట్టీగా దొరుకుతుంది. చర్మం ద్వారా వెళ్లే రకం రక్తం గడ్డకట్టే ముప్పును మింగే రకం కన్నా తక్కువగా చూపుతోందని పరిశీలనలు కూడా ఉన్నాయి. ఆ ప్రత్యామ్నాయం లేని రోజుల్లో ఈ మాత్ర వాడినవారిని తప్పుపట్టలేను, వేరే మందు పడక నేటికీ దీన్నే వాడుతున్నవారినీ తప్పుపట్టను.

అందువల్ల మందుగా దీనికి అయిదుకు నాలుగు మార్కులు, మూలాన్ని సన్నని అక్షరాల్లో దాచే వస్తువుగా ఒకటి. ఎవరూ ఈ సమీక్ష చదివి మాత్రను హఠాత్తుగా ఆపకండి. వైద్యురాలితో మాట్లాడి మారడానికి నాకు పట్టింది ఒక్క సంప్రదింపే. ఇప్పుడు వాడుతున్న పట్టీ గొప్పదేమీ కాదు: చెమట పట్టినప్పుడు అంచులు లేస్తాయి, అంటించిన చోట దురద పెడుతుంది, వారానికి రెండుసార్లు మార్చాలని గుర్తుపెట్టుకోవాలి. రాత్రి నిద్ర మాత్రం ఎరుపు మాత్ర రోజుల్లో ఎలా పట్టేదో అలాగే పడుతోంది.