పాత స్పోర్ట్స్ కారుకి మీరే వీల్ అలైన్‌మెంట్ చేసుకునే కిట్ కొంటున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

"అన్ని కార్లకూ సరిపోయే ప్రొఫెషనల్ అలైన్‌మెంట్ కిట్" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న సెట్ ఒకటి కొన్నాను. రెండు అల్యూమినియం పలకలు, రెండు టేపులు, ఒక లేజర్, అయస్కాంతంతో అతుక్కునే డిజిటల్ క్యాంబర్ గేజి (చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందో చూపేది), చక్రాల కింద పెట్టే టర్న్ ప్లేట్లు, నాలుగు పేజీల కాగితం. వీటిలో ఒక్కటి కూడా పాత స్పోర్ట్స్ కారు మీద నమ్మి వాడదగ్గది కాదు. వెనక్కి తీసుకోమంటే "వాడేసిన సరుకు" అని అమ్మకందారు చేతులెత్తేశాడు. పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి. దీని రీడింగ్ చూసి టై రాడ్లు (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు) తిప్పితే కొత్త టైర్లు చూస్తుండగానే అరిగిపోతాయి, వేగంలో బండి ఒక దారిన నిలవదు. నా భయం అది.

ఈ పనిలో ఎంత సన్నటి కొలతలతో వ్యవహారమో ముందు చెప్పాలి. నాది ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1962 నుంచి 1980 దాకా తయారైన మోడల్. దాని ముందు చక్రాల టో-ఇన్ 1/16 నుంచి 3/32 అంగుళం ఉండాలి. అంటే రిమ్‌ల ముందు అంచుల మధ్య దూరం, వెనక అంచుల మధ్య దూరం కన్నా సుమారు 1.6 నుంచి 2.4 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. మనకున్న వెసులుబాటు మొత్తం కలిపి మిల్లీమీటరు కూడా లేదు. 14 అంగుళాల రిమ్ మీద ఒక మిల్లీమీటరు అంటే సుమారు 0.16 డిగ్రీ. కాబట్టి ఒక పనిముట్టు అర డిగ్రీ తప్పు చూపిస్తే మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చేసినట్టే. టో-ఇన్ ఉందనుకున్న బండి నిజానికి టో-ఔట్‌లో, అంటే చక్రాల ముందు అంచులు బయటికి విచ్చుకుని, ఉండొచ్చు. మీ కారు వేరే మోడల్ అయితే అంకెలు మారతాయి గానీ లెక్క ఇదే.

ఇక పలకల సంగతి. వీటిని టైరు పక్కగోడకి ఆనించి, రెండు చివర్లలో ఉన్న గాడుల్లోంచి టేపు దాటించి, ముందు ఒకసారి, వెనక ఒకసారి దూరం కొలవాలి. ఆలోచన మంచిదే. రేసింగ్ వాళ్లు కూడా ఇలాంటి పలకలే వాడతారు. కానీ ఆ పలక కచ్చితంగా సమతలంగా ఉండాలి. నాకు వచ్చినవాటిని దళసరి గాజు బల్ల మీద పెడితే ఒకటి అటూ ఇటూ ఊగింది. ఒక మూల కింద మిల్లీమీటరు ఫీలర్ గేజి (సందు కొలిచే రేకు) ఇబ్బంది లేకుండా దూరింది. ఆ వంపు నేరుగా టో కొలతలోకి వెళ్లిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి గాజు బల్ల కూడా అక్కర్లేదు. బండిని కదపకుండా, స్టీరింగ్ ముట్టుకోకుండా ఒకసారి కొలవండి. తర్వాత ఎడమ పలకని కుడికి, కుడి పలకని ఎడమకి మార్చి మళ్లీ కొలవండి. చక్రాలు కదల్లేదు కాబట్టి రెండు రీడింగ్‌లూ ఒకటే రావాలి. నాకు మొదటిసారి టో-ఇన్ వచ్చింది, పలకలు మార్చాక టో-ఔట్ వచ్చింది. టై రాడ్ లాక్‌నట్ మీద ఇంకా స్పానర్ కూడా పెట్టలేదు. ఎవరి కిట్ కొన్నా సరే, ఎంత ఖరీదైనదైనా సరే, ఈ పరీక్ష చేయకుండా ఒక్క నట్టు కూడా వదులు చేయకండి.

టేపులు ఇంకా ఘోరం. రెండింటినీ పక్కపక్కన పరిచి మొదలు కలిపితే, చక్రాల మధ్య దూరమంత పొడవు వెళ్లేసరికి గీతలు ఒకదానికొకటి తప్పిపోయాయి. కాగితంలోనేమో ముందు ఒక టేపు, వెనక ఒక టేపు కట్టి ఇద్దరు మనుషులు ఒకేసారి చదవమని రాశారు. అలా చేస్తే టేపుల మధ్య తేడా మొత్తం టో ఖాతాలో పడుతుంది. ముందూ వెనకా ఒకే టేపుతో కొలిస్తే దాని తప్పు రెండు వైపులా సమానంగా ఉండి రద్దయిపోతుంది. ఇంత చిన్న విషయం తెలియనివాళ్లు ఈ సరుకు తయారుచేశారంటే నాకు కోపం కాదు, బాధ వేసింది.

అదే కాగితంలో ఇంకో పెద్ద తప్పు ఉంది. పలక గాడుల మధ్య దూరం సుమారు 600 మిల్లీమీటర్లు. సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన మిల్లీమీటర్లు రిమ్ దగ్గర కొలిచేవి. రిమ్ దగ్గర 1.6 ఉంటే ఆ గాడుల దగ్గర దాదాపు 2.7 కనిపించాలి. వీళ్లు మాత్రం "టేపు మీద తేడానే మీ టో, మాన్యువల్‌తో పోల్చుకోండి" అని రాశారు. అంటే పలకలు సమతలంగా ఉన్నా, టేపులు సరైనవే అయినా, ఈ కాగితం ప్రకారం చేసినవాడికి తప్పు సెట్టింగే మిగులుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం చివరి పేజీలో ఉంది: "సులువుగా ఉన్న వైపు టై రాడ్ తిప్పి టో సరిచేయండి." ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ల కడ్డీ) స్టీరింగ్ ఉన్న బండికి అలా చేయకూడదు. ర్యాక్ మధ్యలో ఉన్నప్పుడు రెండు టై రాడ్లూ సమానమైన పొడవు ఉండాలి, రెండింటినీ సమానంగా తిప్పాలి. ఒకవైపే తిప్పితే టో అంకె సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ బండి నేరుగా వెళ్లేటప్పుడు ర్యాక్ మధ్యలో ఉండదు, స్టీరింగ్ చక్రం వంకరగా నిలబడుతుంది, ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఒకలా తిరుగుతుంది. తిప్పే ముందు టై రాడ్ మీది రబ్బరు బూటు (దుమ్ము పోకుండా ఉండే తొడుగు) చిన్న క్లిప్ వదులు చేయాలన్న మాట కూడా అందులో లేదు. అది వదలకుండా తిప్పితే బూటు మెలిపడి చిరుగుతుంది, ర్యాక్‌లోకి దుమ్ము పోతుంది. పాత బండికి ర్యాక్ దొరకడం ఎంత కష్టమో పాత కార్లు ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

లేజర్‌ని గోడవైపు తిప్పి, తన ఇరుసు మీద తానే తిరిగేలా మెల్లగా తిప్పాను. సరైన లేజర్ చుక్క ఉన్నచోటే ఉండాలి. ఇది గోడ మీద అరచేయి వెడల్పున గుండ్రం గీసింది. సరిచేసుకోవడానికి స్క్రూలు కూడా లేవు, గొట్టంలో జిగురు పోసి బిగించేశారు. ఇక దాని గురించి చెప్పడానికేమీ లేదు.

క్యాంబర్ గేజి దశాంశంలో రెండు అంకెలు చూపిస్తుంది కాబట్టి చూడగానే నమ్మకం కలుగుతుంది. అంకెలు ఎక్కువ చూపించడం వేరు, సరిగ్గా చూపించడం వేరు. ఒకే చోట పెట్టి తీసి, మళ్లీ పెడితే ప్రతిసారీ వేరే అంకె వచ్చింది. అల్లాయ్ చక్రాలకి ఆ అయస్కాంతం అసలు అంటదు. వైర్ వీల్స్ (కమ్మీల చక్రాలు) ఉంటే మధ్యలో పొడుచుకొచ్చిన నాకాఫ్ నట్టు (చక్రాన్ని బిగించే ఒకే పెద్ద నట్టు) పలకని కూడా సరిగ్గా ఆననివ్వదు. పైగా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఎంజీబీకి ముందు చక్రాల క్యాంబర్, క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) మార్చుకునే ఏర్పాటే లేదు. మనం మార్చగలిగింది టో ఒక్కటే. మిగతా రెండూ తేడాగా ఉన్నాయంటే బుష్‌లు అరిగాయనో, స్ప్రింగు కుంగిందనో, ఏదో వంగిందనో అర్థం. అది తెలుసుకోవడానికి గేజి పనికొచ్చే మాట నిజమే, కానీ అందుకు మంచి గేజి ఉండాలి. నేల కూడా చూసుకోవాలి. ఎడమ చక్రం కింద, కుడి చక్రం కింద నేల ఎత్తులో 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే ఈ బండి వెడల్పుకి అదే పావు డిగ్రీ దాకా తినేస్తుంది.

టర్న్ ప్లేట్లంటే రెండు పల్చటి రేకులు, మధ్యలో గ్రీజు. బండి బరువు పడగానే పై రేకు సొట్ట పడి బిగుసుకుపోయింది. జాకీ మీంచి దించినప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుని ఉంటాయి. అవి పక్కకి జారి తమ స్థానానికి రావాలి, లేకపోతే తీసే ప్రతి కొలతా అబద్ధమే. వీటికన్నా బండిని కొన్ని అడుగులు ముందుకి దొర్లించి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదలడం మేలు. చివరి కదలిక ఎప్పుడూ ముందుకే ఉండేలా చూడండి. వెనక్కి నెట్టి ఆపితే కీళ్లలో ఉన్న వదులు అటువైపు తీసుకుని రీడింగ్ మారిపోతుంది.

మరి ఏం వాడాలి అని అడుగుతారు. దారం. తాపీ మేస్త్రీలు కట్టే నైలాన్ దారం, రెండు నిటారు గొట్టాలు, ఒక స్టీలు స్కేలు. రెండు గొట్టాల్నీ కలిపి పట్టుకుని ఒకేసారి గాడులు కోయండి, అప్పుడు రెండింటి మీదా గాడుల మధ్య దూరం ఒకటే అవుతుంది. ఒకటి బండి ముందు, ఒకటి వెనక, చక్రం మధ్య ఎత్తులో నిలిపి దారాలు బిగిస్తే రెండు దారాలూ సమాంతరంగా ఉండక తప్పదు. తర్వాత ముందు చక్రాల హబ్ నుంచి దారానికి దూరం ఎడమా కుడీ సమానంగా, వెనక చక్రాలకీ అలాగే సమానంగా వచ్చేలా గొట్టాల్ని జరపాలి. ముందు వెడల్పు, వెనక వెడల్పు ఒకటే కాకపోవచ్చు, దాంతో ఇబ్బంది లేదు. ఇప్పుడు ఒక్కో ముందు చక్రానికి దారం నుంచి రిమ్ ముందు అంచుకి, వెనక అంచుకి కొలవండి. ముందు అంచు దారానికి ఎక్కువ దూరంలో ఉంటే టో-ఇన్. రెండు చక్రాల తేడాలూ కలిపితే మొత్తం టో. వెనక ఇరుసు వంకరగా కూర్చుందేమో కూడా ఇందులోనే బయటపడుతుంది. ఆ కిట్ పలకలకి ఇది చేతకాదు.

రిమ్ కొంచెం సొట్ట పోయి ఉంటే? చాలా పాత రిమ్‌లు అలాగే ఉంటాయి. కొలిచిన చోట సుద్దతో గుర్తు పెట్టి, బండిని చక్రం సగం చుట్టు తిరిగేంత ముందుకి దొర్లించి, మళ్లీ కొలిచి రెండింటి సగటు తీసుకోండి. సొట్ట లెక్కలోంచి పోతుంది.

అసలు ఇదంతా మొదలుపెట్టే ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండ్ మీద నిలిపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఎవరినైనా బ్రేక్ తొక్కమనండి. అప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్ (చక్రం పక్కకి తిరగడానికి ఇరుసులా ఉండే కడ్డీ) వదులైనట్టు. పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది. ఇవి అరిగి ఉంటే ఏ పనిముట్టూ మిమ్మల్ని కాపాడలేదు.

ఇదే కిట్ కొన్న ఒక మిత్రుడు కాగితంలో చెప్పినట్టే చేశాడు. ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగాక గానీ టో-ఔట్‌లో తిరుగుతున్నాడని తెలియలేదు. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే ఉంది. ఇప్పటికే వాడినవాళ్లు దయచేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లోపలి అంచుని చేత్తో తడిమి చూడండి.

ఇంకా కొనాలనే ఉంటే పార్సిల్ విప్పడం దగ్గర్నుంచి వీడియో తీయండి, పలకలు మార్చి కొలిచే పరీక్ష కూడా వీడియోలో ఉండాలి, గ్రీజు చేత్తో ముట్టుకోకండి. నాకు రిటర్న్ తిరస్కరించింది పలక మీద ఒక గ్రీజు మరక చూపించే. ఆ అమ్మకందారు పేజీ ఇప్పుడు కనబడటం లేదు, కానీ అవే ఫోటోలతో అదే సెట్ వేరే పేర్లతో, వేరే రంగుల్లో కనిపిస్తోంది. గాడుల అంచులు గరుకుగా వదిలేసిన పలకలు, స్క్రూలు లేని లేజర్ గొట్టం, మడతపెట్టిన రేకుతో చేసిన టర్న్ ప్లేట్లు ఫోటోలో ఉంటే అది ఇదే. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సిల్ బయల్దేరక ముందే రద్దు చేసుకోండి.