రబ్బరు షీటు రూఫింగ్ కొనేవాళ్లకు హెచ్చరిక: వారంటీ షీటుకు, కారేది అతుకు దగ్గర

చదునైన కప్పు మీద ఈపీడీఎం రబ్బరు షీటు వేయించుకునే ఆలోచన ఉంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. "30 ఏళ్లు పైకి ఎక్కి చూడక్కర్లేదు" అని చెప్పి అమ్ముతున్నారు. షీటు వరకూ ఆ మాట అబద్ధం కాదు. ఈపీడీఎం ఎండకూ ఓజోన్‌కూ బాగా తట్టుకుంటుంది, సరిగ్గా పరిస్తే దశాబ్దాలు ఉంటుంది. కానీ కారడం షీటు నడుమ మొదలవదు. అతుకుల్లో, పిట్టగోడ మొదట్లో, పైపుల చుట్టూ మొదలవుతుంది. చాలా వారంటీ కాగితాలు మాత్రం షీటు తయారీ లోపానికే పరిమితం. అతుకు ఊడితే తయారీదారు పనివాళ్లను చూపిస్తాడు, కాంట్రాక్టరు సరుకును చూపిస్తాడు, ఖర్చు మీ మీద పడుతుంది. అతుకులూ కూలీ కూడా వారంటీలో ఉన్నాయని రాతపూర్వకంగా తీసుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది అతుకు విషయంలోనే. చుట్టలో అంటుకుపోకుండా షీటు మీద సన్నటి పొడి చల్లి పంపుతారు. దాన్ని తుడిచి, ప్రైమర్ రాసి, ఆరనిచ్చి, ఆ తర్వాతే రెండు షీట్లనూ కలిపి పట్టే జిగట బ్యూటైల్ టేపు వేయాలి. ప్రైమర్ ఎగ్గొడితే టేపు పట్టేది పొడిని, రబ్బరును కాదు. మొదటి వానలకు ఏమీ తెలియదు, ఎండకు సాగి చలికి ముడుచుకునే కొద్దీ అంచు లేస్తుంది. టేపు కనీసం 75 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, చేతి రోలర్‌తో అతుకుకు అడ్డంగా గట్టిగా నొక్కాలి. మూడు పొరలు కలిసే చోట చిన్న సందు మిగిలిపోతుంది. అక్కడ విడిగా ప్యాచ్ వేయకపోతే నీరు లోపలికి దారి చేసుకుంటుంది. హడావిడి పనిలో ఎక్కువగా వదిలేసేది ఇదే.

చుట్ట విప్పగానే అతికించనివ్వకండి. కనీసం అరగంట పరిచి వదిలితే షీటులోని బిగువు సడలుతుంది. సాగిన షీటును అలాగే అంటిస్తే వెనక్కి లాగుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు పిట్టగోడ మూలలో గోడను వదిలి గుడారంలా నిలబడుతుంది, కాలు పడితే చిరుగుతుంది. అందుకే గోడ మొదట్లో జిగురు ఒక్కటే చాలదు, స్క్రూలతో బిగించిన పట్టీ ఉండాలి. కాంటాక్ట్ జిగురును రెండు వైపులా రాసి, వేలికి అంటనంత ఆరాక కలపాలి. తడిగా ఉండగా కలిపితే లోపల చిక్కిన సాల్వెంట్ ఎండకు బుడగలై లేస్తుంది. కప్పు మీద మంచు తడి ఉన్న పొద్దున అసలు జిగురు పని పెట్టించకూడదు.

నీరు నిలిచినంత మాత్రాన రబ్బరు చెడదు, ఆ నీటిలో నానే అతుకే బలహీనపడుతుంది. 80కి 1 (80 సెంటీమీటర్ల పొడవుకు 1 సెంటీమీటరు దిగుడు) కంటే తక్కువ వాలు ఉన్న కప్పుకు ముందు వాలు సరిచేయించాలి. వాన వెలిసిన 48 గంటల తర్వాతా నీరు నిలిస్తే వారంటీ వర్తించదన్న షరతు ఉందేమో చూసుకోండి.

నూనె దీనికి పెద్ద శత్రువు. వంటగది పొగగొట్టం, జనరేటర్ డీజిల్, యంత్రాల గ్రీజు పడిన చోట షీటు ఉబ్బి మెత్తబడుతుంది. తారుతో ప్యాచ్ వేస్తామనే మరమ్మతుదారును పైకి ఎక్కనివ్వకండి, దాని ప్రభావమూ అంతే. పాత తారు పొర మీద కొత్త షీటు వేయాలన్నా మధ్యలో వేరే బోర్డు కావాలి.

మందం కొటేషన్‌లో 1.5 మిల్లీమీటర్లు అని ఉండి, కప్పు మీదికి 1.1 మిల్లీమీటర్ల షీటు వచ్చే ప్రమాదం ఉంది. కత్తిరించిన అంచును మందం కొలిచే వెర్నియర్‌తో కొలవండి. డబ్బాలోంచి పూసే ద్రవాన్ని కూడా 'రబ్బరు మెంబ్రేన్' పేరుతో అంటగట్టేవాళ్లున్నారు, అది వేరే సరుకు.

చివరి విడత డబ్బు ఇచ్చే ముందు డ్రెయిన్లు మూసి 50 మిల్లీమీటర్ల నీరు కట్టి 24 గంటలు ఉంచమనండి. చదరపు మీటరుకు 50 కిలోల బరువు పడుతుంది కాబట్టి కప్పు మోస్తుందో లేదో ముందే ఇంజనీరును అడగాలి. చిల్లు ఉన్న చోట నిప్పురవ్వ రావడాన్ని బట్టి లోపం పట్టే కరెంటు స్పార్కు పరీక్షలో పాసైందన్న కాగితం చూపిస్తే ఒప్పుకోకండి. నల్ల ఈపీడీఎంలోని కార్బన్ వల్ల షీటే కరెంటును పంపిస్తుంది, ఆ పరీక్షలో చిల్లు ఎక్కడుందో తేలదు.