లినక్స్‌లో వైఫై: ఎంటీ7921ఏయూ అడాప్టర్‌పై నా అభిప్రాయం

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో రౌటర్ ముందుగదిలోను, ఉబుంటు 24.04 (లినక్స్‌లో ఒక రకం) నడిచే కంప్యూటర్ వెనుక గదిలోను ఉన్నాయి. వైఫై అందుకునే పాత యూఎస్‌బీ అడాప్టర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో లేనందువల్ల, కెర్నెల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్‌ను తిరిగి కంపైల్ చేయవలసి (కోడ్ నుంచి మళ్లీ తయారుచేయవలసి) వచ్చేది. అలా ఒకసారి మా అమ్మాయి ఆన్‌లైన్ పరీక్షకు ముందురోజు రాత్రి నెట్ పూర్తిగా నిలిచిపోయింది.

అందుకే ఈసారి గవర్నర్‌పేటలో మీడియాటెక్ ఎంటీ7921ఏయూ చిప్ ఉన్న అడాప్టర్‌నే అడిగి తీసుకున్నాను. పెట్టె మీద చిప్ పేరు ముద్రించకపోవడం కొనేవారికి నిజంగా ఇబ్బంది. దుకాణంవారు ఓపికగా మరో కంప్యూటర్‌కు తగిలించి చూపించారు, అందుకు వారికి కృతజ్ఞతలు. ఈ చిప్ యూఎస్‌బీ డ్రైవర్ 5.18 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్నందున, ఇంట్లో తగిలించగానే నెట్‌వర్క్‌ల జాబితా కనిపించింది. పాస్‌వర్డ్ ఇవ్వడం తప్ప వేరే పని లేకపోయింది.

మధ్యలో రెండు ఇటుక గోడలు ఉండడంతో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ బలహీనంగా అందింది. 2.4 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే, యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి వెలువడే రేడియో రొద అదే పౌనఃపున్యంలో అడ్డుపడింది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ తీగతో అడాప్టర్‌ను కంప్యూటర్‌కు దూరంగా, కిటికీ గట్టుపై పెట్టాక వీడియో పాఠాలు ఆగకుండా సాగుతున్నాయి. ఆ తీగను పెట్టెలోనే ఇచ్చి ఉండవలసింది.