ఆరు చలికాలాల తరవాత హెలిబోర్

హెలిబోర్ అనే పూలమొక్క కొంటే, కుండీకి గుచ్చిన చీటీ మీద ఏముంటుందో తెలిసిందే: నీడలో పెరుగుతుంది, జింకలు ముట్టవు, జోన్ 5 (చలి తీవ్రతని బట్టి అమెరికాని విడదీసిన ప్రాంతాల్లో ఒకటి) చలికి ఆగుతుంది. మూడూ నిజమే. షికాగో శివార్లలో మేపుల్ చెట్టు కింద ఆరు చలికాలాలు చూశాక ఈ మొక్క మీద మమకారం మాత్రం వాటివల్ల కాదు. ఇది పడుకుని లేస్తుంది, అందుకు.

ఏప్రిల్ మొదట్లో రాత్రి 22 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగితే, తెల్లారేసరికి పూలకాడలన్నీ ఉడికిన తోటకూరలా నేలకి అతుక్కుని ఉంటాయి. కొత్తవాళ్లు మొక్క పోయిందనుకుని కత్తెర తీస్తారు. తొందరపడకండి. కణాల్లోని నీరు బయటి సందుల్లోకి వచ్చి అక్కడ గడ్డకడుతుంది. కణం పగలదు గానీ బిగువు పోయి కాడ వాలిపోతుంది. ఎండెక్కి 40 దాటాక ఆ నీరు వెనక్కి చేరి, పదకొండింటికల్లా నిటారుగా నిలబడుతుంది. ఈలోగా చేత్తో ఎత్తబోతే పుటుక్కున విరుగుతుంది.

ఇంత మొండిది కదా అని ఆకుల విషయంలో అశ్రద్ధ చేస్తే దెబ్బ తింటాం. పాత ఆకులన్నీ డిసెంబర్లోనే మొదలంటా కోసెయ్యమని ఇంగ్లండు తోటమాలులు చెబుతారు, నల్లమచ్చ తెగులు కొత్త పూలకి అంటకుండా. వాళ్ల చలికి అది సరిపోతుంది. ఇక్కడ పూమొగ్గలు శరత్కాలానికే నేలమట్టాన తయారై ఉంటాయి. పైన ఆకుల గొడుగు తీసేశాక, మంచు కప్పని జనవరిలో వాయవ్యపు గాలి వాటిని ఎండబెట్టేస్తుంది. నేల గడ్డకట్టి ఉంటే వేళ్లు నీరు అందించలేవు. అలా కోసిన నాలుగు మొక్కల్లో మూడింటికి ఆ వసంతంలో ఒక్క పువ్వూ రాలేదు. మొగ్గ చీరి చూస్తే లోపల అంతా గోధుమరంగు పొడి. పక్కనే ఆకులతో వదిలేసినవి ఎప్పట్లాగే పూశాయి. కోసినవీ చావలేదు, మే నెలలో ఆకులు వేశాయి, కానీ పూలకి ఇంకో ఏడాది ఆగాల్సొచ్చింది.

ఆకులుంటే అన్నీ గట్టెక్కుతాయనీ కాదు. 2024 ఫిబ్రవరి 27న ఇక్కడ పగలు 70 దాటి, మర్నాడే గడ్డకట్టే చలి పడింది. వేడికి తలెత్తిన మొగ్గల కొనలు ఆకుల కింద కూడా నల్లబడ్డాయి.

ఇప్పటి పద్ధతి ఇది: నవంబర్లో నేల గడ్డకట్టేదాకా నీళ్లు. మొక్క చుట్టూ రెండంగుళాల ఆకుఎరువు, మొదలు మీద మాత్రం వెయ్యకుండా. మార్చి రెండో వారంలో మొగ్గలు రెండంగుళాలు లేచాక పాత ఆకుల్ని ఒక్కొక్క కాడే పట్టుకుని కోయడం, గ్లవ్స్‌తో, ఎందుకంటే రసం తగిలితే దద్దుర్లు వస్తాయి. నల్లమచ్చలున్న ఆకుని అక్టోబర్లోనే తీసి చెత్తబుట్టలో వెయ్యాలి, కంపోస్టులో కాదు. సిరల వెంట నల్లచారలు పాకి కొత్త ఆకులు వంకర్లు పోతుంటే అది ‘బ్లాక్ డెత్’ అనే వైరస్. మందు లేదు, వేళ్లతో సహా పీకెయ్యాలి.

నీడలో పెరుగుతుందన్నాను గానీ, మేపుల్ వేళ్లు నీరంతా లాగేస్తాయి. మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి బాగా తడపకపోతే ఆకులే గానీ పూలుండవు. మొదలుని అంగుళం కన్నా లోతుగా పాతినా అంతే. ఇక ‘క్రిస్మస్ రోజ్’ పేరు నమ్మి నైగర్ అనే హెలిబోర్ రకం కొంటే, ఇక్కడ క్రిస్మస్‌కి కనిపించేది మంచే, పూలు మార్చి చివర్లో. డిసెంబర్లో దుకాణంలో పూలతో అమ్మేవి గ్రీన్‌హౌస్ మొక్కలు. వాటిని చల్లటి గదిలో ఉంచి ఏప్రిల్ చివర నాటాలి.

మొక్కంతా విషమే. పాత సంస్కృత నిఘంటువుల్లో కటుకరోహిణికి హెలిబోర్ అని అర్థం రాశారు. ఆయుర్వేదం వాడే కటుకరోహిణి హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క. ఆ అర్థం చూసి దీన్ని నూరుకోకండి.

ఇంటికి తూర్పున, పొద్దుటెండ పడి నీళ్లు నిలవని చోటుంటే కొనమంటాను. దక్షిణపు గోడ పక్కన తప్ప జాగా లేకపోతే మాత్రం ఆలోచించండి. ఆ గోడ వేడికి మొగ్గలు ఫిబ్రవరిలోనే మేలుకుంటాయి.