నాలుగు సీజన్లుగా ఫోన్‌లో బేస్‌బాల్ టికెట్లు కొంటున్నాను

మేం ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. 2022 వేసవిలో మా అబ్బాయి ఇక్కడి బేస్‌బాల్ టీమ్ టెక్సస్ రేంజర్స్ మ్యాచ్ చూడాల్సిందేనని పట్టుబట్టాడు. అప్పుడే మొదటిసారి టికెట్లు కొన్నాను. 2025 దాకా ఏటా నాలుగైదుసార్లు ఆర్లింగ్‌టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి వెళ్తూనే ఉన్నాం. కొన్నిసార్లు నేరుగా టీమ్ దగ్గరే కొన్నాను, కొన్నిసార్లు రీసేల్ సైట్లలో, అంటే కొన్నవాళ్ళు తమ టికెట్లు తిరిగి అమ్ముకునే చోట.

అసలు తొందరపడక్కర్లేదు. ఐపీఎల్ టికెట్ల కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చునే అలవాటున్న మనకి ఇది నమ్మబుద్ధి కాదు. ఇక్కడ ఒక్కో టీమ్ సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో 81 సొంత గ్రౌండ్‌లోనే. స్టేడియంలో దాదాపు 40,000 సీట్లు. మామూలు మంగళవారం మ్యాచ్‌కి సీటు దొరక్కపోవడం నాకు ఒక్కసారి కూడా ఎదురవ్వలేదు. రేట్లు మాత్రం విమానం టికెట్లలాగే మారుతుంటాయి. శనివారమైనా, హ్యూస్టన్ ఆస్ట్రోస్ గానీ న్యూయార్క్ యాంకీస్ గానీ వస్తున్నా, ఆటగాళ్ళ బొమ్మలు పంచే రోజైనా బాగా పెరుగుతాయి. ఇద్దరమే వెళ్ళేటప్పుడు మ్యాచ్ రోజు మధ్యాహ్నం దాకా ఆగి రీసేల్‌లో చవగ్గా కొన్నాను. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం ఆగను. నాలుగు సీట్లు పక్కపక్కన కావాలంటే ముందుగా టీమ్ దగ్గరే కొనడం మేలు.

సీటు ఎంచుకునేటప్పుడు మ్యాప్ మీద ఆ సెక్షన్ నొక్కితే అక్కణ్ణుంచి గ్రౌండ్ ఎలా కనిపిస్తుందో ఫొటో వస్తుంది. అది చూడకుండా కొనొద్దు. గ్రౌండ్‌కి దగ్గరగా ఉన్నాయని మొదటిసారి అవుట్‌ఫీల్డ్ మూల సీట్లు తీసుకున్నాను, అంటే బ్యాటర్‌కి దూరంగా బౌండరీ వైపున్నవి. బంతి ఎటు పోయిందో సగంసార్లు తెలియనే లేదు. ఇప్పుడు నా ఓటు పై అంతస్తులో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడి ఆడే చోటు) వెనకున్న సీట్లకే. క్రికెట్లో వికెట్ కీపర్ వెనక నుంచి చూసినట్టు గ్రౌండంతా కళ్ళముందుంటుంది, ధర కూడా తక్కువ. ఈ స్టేడియానికి మూసే పైకప్పు ఉంది, లోపల ఏసీ. కాబట్టి ఎండ ఎటువైపు పడుతుందన్న చింత లేదు. పైకప్పు లేని ఊళ్ళలో మధ్యాహ్నం మ్యాచ్ కొంటే నీడ ఎటుంటుందో చూసుకోండి.

ఇక డబ్బు సంగతి. 2023లో ఒక రీసేల్ సైట్‌లో 19 డాలర్ల టికెట్లని చూసి నాలుగు ఎంచుకున్నాను. 76 అవుతుందనుకుంటే చివరి పేజీలో 118 చూపించింది. పక్కన గడియారం నిమిషాలు లెక్కపెడుతోంది. ఆ టెన్షన్‌లో నొక్కేశాను, చాలా బాధేసింది. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ రూల్ ప్రకారం తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందుగా చూపించాలి. నిజంగా మేలు చేసిన మార్పు ఇది. ఇప్పుడు రెండు సైట్ల ధరలు పక్కపక్కన పెట్టి పోల్చుకోగలుగుతున్నాను. అయినా పన్ను చివర్లో కలవొచ్చు. పార్కింగ్ ఎలాగూ వేరే. స్టేడియం దాకా రైలు లేదు కాబట్టి కారు తప్పదు. కొన్నిసార్లు మా పార్కింగ్ ఖర్చు ఒక టికెట్ ధర కన్నా ఎక్కువైంది.

టికెట్లు ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్) వాళ్ళ బాల్‌పార్క్ అనే యాప్‌లోకి వస్తాయి. నాలుగేళ్ళలో ఆ యాప్‌తో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. ఇబ్బంది వచ్చింది ఈమెయిల్‌తో. 2024లో గుంటూరు నుంచి నాన్నగారు వచ్చారు. రీసేల్‌లో కొన్నప్పుడు ఆఫీసు మెయిల్ ఇచ్చాను, యాప్ మాత్రం నా సొంత మెయిల్‌తో ఉంది. గేటు దగ్గర యాప్ తెరిస్తే టికెట్లు లేవు! లోపల చప్పట్లు వినిపిస్తున్నాయి. నాన్నగారు మోకాళ్ళ నొప్పితో గోడకి ఆనుకుని, "ఏమ్మా, ఇంటికి వెళ్ళిపోదామా?" అన్నారు. ఆఫీసు మెయిల్ తెరిచి, అందులోని లింకు నొక్కి టికెట్లు తీసుకునేసరికి ఇరవై నిమిషాలైంది. అప్పటికే తొమ్మిది ఇన్నింగ్స్‌లో మొదటిది అయిపోయింది. ఆయన్ని అలా నిలబెట్టినందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పట్నుంచి అన్నిచోట్లా ఒకే మెయిల్ వాడుతున్నాను. ఇంట్లో ఉండగానే టికెట్లు యాప్‌లో కనిపిస్తున్నాయో లేదో చూసి, ఫోన్ వాలెట్‌లో పెట్టుకుంటాను. గేటు దగ్గర వేలమంది ఉంటారు, సిగ్నల్ అందకపోవచ్చు. స్క్రీన్‌షాట్‌ని నమ్ముకోవద్దు. ఫ్రెండ్స్‌కి టికెట్ పంపితే వాళ్ళు యాక్సెప్ట్ చేశారో లేదో ముందురోజే అడగండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ ఫోన్లకి పంపనే వద్దు. వాళ్ళ టికెట్లు మీ ఫోన్లోనే ఉంచుకుని అందరూ కలిసి లోపలికి వెళ్ళండి.

2025 ఆగస్టులో అబ్బాయికి జ్వరం వచ్చింది. ఆ పొద్దున్నే నాలుగు టికెట్లూ రీసేల్‌కి పెట్టాను. సాయంత్రానికి మూడు అమ్ముడుపోయాయి.